ఆరేళ్ళ అన్నయ్య

బుల్లిబాబుకి ఇంట్లో అరవై నాలుగేళ్ళు, వీధిలో యాభై ఎనిమిది. మేడ మెట్లు దిగితే ఆరేళ్ళు తగ్గుతాయి, ఎక్కితే మళ్ళీ వచ్చి మీద పడతాయి. ఇదేదో మందు మహిమ అనుకునేరు, కానే కాదు. వాళ్ళ నాన్న ఒకనాడు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక్క మాట అన్నాడు. ఆ మాటని వెనక్కి తీసుకోడానికి ఆయనకి మనసు రాలేదు. అక్కణ్ణుంచి మొదలైంది ఈ గోలంతా.

మేడ కింద టైలరింగ్ షాపు, పైన ఇల్లు. షాపులో రెండు కుట్టుమిషన్లు, పొడుగాటి కటింగ్ బల్ల, మూలన పరదా కట్టిన ట్రయల్ రూము ఉన్నాయి. మెళ్ళో టేపు వేసుకుని బల్ల దగ్గర నిలబడే పొడుగాటాయన్ని అందరూ పెద్ద మాస్టారంటారు. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టి గుండీలు వేసే పొట్టాయన చిన్న మాస్టారు. మన బుల్లిబాబు ఈ చిన్న మాస్టారే. పెద్ద మాస్టారు ఆయనకి స్వయానా తమ్ముడు. మీరు సరిగ్గానే చదివారు, పెద్దాయనే తమ్ముడు.

ఆ రోజుల్లో వాళ్ళ నాన్న సినిమా స్టూడియోలో దర్జీ. ఎనిమిదేళ్ళ బుల్లిబాబు రోజూ మధ్యాహ్నం భోజనం క్యారియరు పట్టుకెళ్ళి ఇచ్చి, నాన్న తినేదాకా సెట్టులో తిరుగుతూ ఉండేవాడు. మనిషి పీలగా, వయసుకి తగ్గ ఎత్తు లేకుండా ఉండేవాడు. కళ్ళు మాత్రం మొహం నిండా ఉండేవి. ఒకరోజు సెట్టులో గందరగోళంగా ఉంది. వేషం కట్టాల్సిన పిల్లాడికి గవదబిళ్ళలు వచ్చి బుగ్గలు బూరెల్లా పొంగాయి. డైరెక్టరు తల పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, క్యారియరుతో నిలబడ్డ ఈ కుర్రాణ్ణి చూశాడు.

"ఎవరీ పిల్లాడు? ఎన్నేళ్ళు వీడికి?"

సరిగ్గా అప్పుడే వాళ్ళ నాన్న విలన్ కోటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మధ్య సూదులు బిగబట్టి, జేబు లోతు కొలిచి, రాసుకునే అసిస్టెంటుకి వినపడేలా అరిచాడు: "ఆరు!"

"ఆరేళ్ళకే ఆ చూపా!" అన్నాడు డైరెక్టరు.

నాన్న కంగారుగా నోట్లోంచి సూదులు తీశాడు. చెబుదామనే తీశాడు పాపం. ఈలోగా డైరెక్టరు బుల్లిబాబు గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి, "ఆరేళ్ళ పిల్లాడు, ఆరేళ్ళ పిల్లాడు" అంటూ కెమెరామన్‌కి చూపిస్తున్నాడు. చుట్టూ జనం పోగయ్యారు. నాన్న ఒకసారి కొడుకుని చూశాడు, ఒకసారి జనాన్ని చూశాడు. తీసిన సూదుల్ని మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు ప్రొడక్షన్ మేనేజరు కారేసుకుని ఇంటికొచ్చాడు. వరండాలో ఇద్దరు పిల్లలు కనిపించారు. రెండోవాడు నిజంగా ఆరేళ్ళవాడు, కానీ తాడిలా పెరిగి అన్న నెత్తి మీద గడ్డం ఆనించగలిగేవాడు. "మరి వీడో?" అన్నాడు మేనేజరు. నాన్న ఒక్క క్షణం గుటకలు మింగి, "వీడు మా పెద్దోడండీ, ఎనిమిది" అన్నాడు.

ఆ పూటతో రెండోవాడి ఆరేళ్ళు మొదటివాడికి పోయాయి, మొదటివాడి ఎనిమిదేళ్ళు రెండోవాడికి వచ్చాయి. ఇద్దర్నీ అడిగినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం నాన్న పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చట్టం చేశాడు. గుమ్మం లోపల ఇల్లు, గుమ్మం బయట లోకం. ఇంట్లో ఎవరు ఏమిటో అదే. లోకంలో మాత్రం పొట్టివాడు తమ్ముడు, పొడుగువాడు అన్నయ్య.

"వరండా?" అని అడిగాడు రెండోవాడు. వాడికి మొదట్నుంచీ వివరాల పిచ్చి.

"వరండా లోకమే."

"కిటికీలోంచి తల బయటికి పెడితే?"

"తల లోకంలో ఉన్నట్టు. మిగతా ఒళ్ళు ఇంట్లో ఉన్నట్టు. తల బయట పెట్టి మాట్లాడకు."

ఆ వారమంతా ఆ ఇంటి గుమ్మం దగ్గర వినోదం చూసి తీరాలి. "అన్నయ్యా, నా బంతి నువ్వే తీశావు, మర్యాదగా" అంటూ లోపల మొదలుపెట్టిన తమ్ముడు, వెంటపడి గుమ్మం దాటాక "ఇచ్చెయ్యరా తమ్ముడూ!" అని ముగించేవాడు. బంతితో పారిపోతున్న అన్న ఇటు తిరిగి, "ఒరేయ్ నీకెంత" అని నోరు తెరిచి, ఎదురింటావిడ కనిపించేసరికి "పొగరు అన్నయ్యా" అని నమిలేవాడు. వాళ్ళమ్మ ఈ తిరకాసంతా బుర్రకెక్కించుకోలేక, బయట ఇద్దర్నీ 'ఒరేయ్' అని మాత్రమే పిలిచేది. ఎవరు ముందు పలికితే వాడితో పని చేయించుకునేది.

బడిలో ఇంకా తమాషా. పెద్దవాడైపోయిన తమ్ముణ్ణి తీసుకెళ్ళి మూడో తరగతిలో కూర్చోబెట్టారు. వాడికి గుణింతాలే సరిగ్గా రావు, అక్కడ భాగారాలు చేయమన్నారు. చిన్నవాడైపోయిన అన్న షూటింగుల మధ్య తీరిక దొరికినప్పుడల్లా ఒకటో తరగతికి వెళ్ళేవాడు. ఎప్పుడు వెళ్ళినా ఒకటో తరగతే. చివరికి టీచరు సెలవు పెట్టిన రోజున పాఠం తనే చెప్పేవాడు, అదీ పుస్తకం చూడకుండా. పక్క గదిలో తమ్ముడు గోడకుర్చీ వేసేవాడు.

సినిమాలో మాత్రం బుల్లిబాబు జాతకం భళ్ళున తెరుచుకుంది. ఒక సినిమాలో నాన్న వేషం వేసినాయన్ని విలన్ కొడుతుంటే, మోకాలెత్తు లేని ఈ బుడతడు ఎదురెళ్ళి, కళ్ళనిండా నీళ్ళతో వేలు చూపించి, "పెద్దోణ్ణయ్యాక నీ సంగతి చూస్తా!" అన్నాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. పత్రికలవాళ్ళు 'ఆరేళ్ళ అద్భుతం' అని రాశారు. ఆడవాళ్ళు బుగ్గలు పుణికి పుణికి ఎర్రగా చేసేవారు. బుల్లిబాబుకి అదంతా ఎంత ఇష్టమో చెప్పలేం. ఎనిమిదేళ్ళవాడు ఏడిస్తే అదో లెక్కా, ఆరేళ్ళవాడు ఏడిస్తేనే అద్భుతం. ఆ సంగతి అందరికన్నా ముందు వాడికే అర్థమైంది.

అందుకని ఆరేళ్ళు దాటలేదు. ఏడాది గడిచింది, ఆరే. రెండో ఏడూ ఆరే. తీసే ప్రతివాడూ ఈ పిల్లాణ్ణి తానే కొత్తగా కనిపెట్టాననుకునేవాడు కాబట్టి, పాత లెక్కలు అడిగే నాథుడు లేడు. పెరిగే ఒంటిని నాన్న తన విద్యతో దాచాడు. చొక్కాకి అరచేతంత గుండీలు, చెవుల దాకా కాలరు, నడుము దాటిన జేబులు పెట్టేవాడు. "గుండీ పెద్దదైతే పిల్లాడు చిన్నవాడవుతాడు" అని చెప్పేవాడు. ముందు పన్ను ఊడితే డాక్టరు చేత మైనంలాంటి దానితో పన్ను పెట్టించి, అది మింగకుండా కాపలా కాసేవాడు. ఆఖరి ఏడు పై పెదవి మీద నూగు వచ్చింది. లోకంలో ఆరేళ్ళ పిల్లాడికి మీసం గీసిన ఘనత తనదేనని ఆ మేకప్‌మన్ బతికున్నంత కాలం చెప్పుకున్నాడు.

మీసమైతే గీశారు, గొంతునేం చేస్తారు? ఒకరోజు తప్పిపోయిన పిల్లాడు తల్లిని కలిసే సీను. తల్లి వేషం వేసినావిడ చేతులు చాచింది. పన్నెండేళ్ళు నిండిన బుల్లిబాబు పరిగెత్తుకుంటూ వెళ్ళి, ప్రాణం పెట్టి, "అమ్మా!" అన్నాడు. అది లారీ హారన్‌లా వచ్చింది. సౌండు రికార్డు చేసేవాడు చెవులకున్నవి పీకి అవతల పారేశాడు. తల్లి నవ్వాపుకోలేక పిల్లాణ్ణి కౌగిలించుకునే ఉండిపోయింది. డైరెక్టరు ఒక్కడే నవ్వలేదు. "పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్ళు" అన్నాడు నాన్నతో, మెల్లగా.

ఆ తర్వాత వేషాల కోసం తిరిగాడు, తిరగకపోలేదు. హీరో స్నేహితుడి వేషానికి ఫొటోలు దిగి వెళితే, "నిన్ను చూడగానే జనం ఏడవడానికి రుమాళ్ళు తీస్తారయ్యా, నువ్వు ప్రేమ డైలాగులు చెబితే ఎలా?" అన్నాడొక పెద్దమనిషి. మరొకాయన నీకు ఎన్నేళ్ళని అడిగితే ఏం చెప్పాలో తెలీక, బుల్లిబాబు కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. వయసు చెప్పడానికి ఆలోచించేవాడికి వేషం ఎవరిస్తారు? నాన్న స్టూడియో వదిలి షాపు పెట్టుకున్నాక, కిటికీ పక్కన స్టూలు వేసుకుని కాజాలు కుట్టడం మొదలుపెట్టాడు. గుండీల సంగతి ఆ ఇంట్లో వాడికన్నా బాగా తెలిసినవాళ్ళెవరు?

షాపులోకి వచ్చిన ప్రతి పెద్దమనిషీ కొలతలివ్వడం మానేసి బుల్లిబాబు కేసే చూసేవాడు. "అదేనయ్యా, ఆ వేలు చూపించే పిల్లాడు! ఆరేళ్ళకే ఏం నటన! ఒక్కసారి ఆ డైలాగ్ చెప్పు బాబూ." బుల్లిబాబు సూది పక్కన పెట్టి చెప్పేవాడు. మనిషికి ఇరవై వచ్చాయి, నలభై వచ్చాయి, ఆ డైలాగ్ మాత్రం మారలేదు. 'పెద్దోణ్ణయ్యాక' అన్నచోట ఆయన మెడ మీద ఒక నరం ఉబ్బేది, అది నటన కాదని ఎవరికీ తెలీదు.

ఎందుకంటే పెద్దరికమంతా తమ్ముడికి పోయింది మరి. ఇంటికి పెద్దకొడుకని పెళ్ళి ముందు తమ్ముడికే చేశారు. కొత్తకోడలు గడప దాటి లోపలికి వచ్చిన రెండోరోజు, అత్తగారు "బావగారికి మంచినీళ్ళివ్వమ్మా" అంటే, ఆ పిల్ల గ్లాసు పట్టుకుని ఇల్లంతా వెతికింది. మా ఆయనే పెద్దవాడైతే ఈ బావగారెక్కణ్ణుంచి వచ్చాడని హడలిపోయింది. విషయం చెప్పాక కుర్చీలో కూలబడింది. అయినా తెలివైన పిల్ల, తొందరగా అలవాటు పడింది. ఇంట్లో "బావగారూ, టీ తీసుకోండి" అని వినయంగా అందించేది, వీధిలోకి వెళితే "ఏం మరిదీ, ఆ సంచీ పట్టు, చేతులు పడిపోతున్నాయి" అని తగిలించేది.

బుల్లిబాబు పెళ్ళాం మాత్రం అలవాటు పడలేదు.

"అంటే ఈ ఇంటికి పెద్దకోడల్ని నేనా?" అంది నిజం తెలిసిన రోజున.

"ఇంట్లో" అన్నాడు బుల్లిబాబు.

"ఇంట్లో అయితే ఎవరికి గొప్ప? గిన్నెలకి తెలిస్తే చాలా?"

ముప్ఫై ఏళ్ళుగా వీధిలో తనకన్నా చిన్నదైన తోడికోడల్ని "అక్కా, అక్కా" అని పిలుస్తూ, ఇంటికొచ్చి అదే మనిషి చేత "అక్కా" అనిపించుకుంటూ, ఆవిడ పళ్ళు నూరుతూనే ఉంది. తమ్ముడి కూతురు చిన్నప్పుడు, పెదనాన్న అనాలో బాబాయ్ అనాలో తేల్చుకోలేక, గుమ్మం మీద నిలబడి 'పెద్బాబాయ్' అని పిలిచింది. బుల్లిబాబుకి ఆ పిలుపే ఖాయమైపోయింది. అటు పెద్దా కాదు, ఇటు చిన్నా కాదు.

ఇదంతా నవ్వుతూ మోశాడు బుల్లిబాబు. మొయ్యలేనిది ఒక్కటే జరిగింది. నాన్న ఆఖరి రోజుల్లో మంచం మీద ఉన్నాడు. గదినిండా ఇరుగుపొరుగు. ఇల్లే, కానీ లోకమంతా లోపలికి వచ్చి కూర్చుంది. అలాంటప్పుడు ఏ లెక్క పాటించాలో నాన్న చట్టంలో లేదు. ఆయన కళ్ళు తెరిచి, "పెద్దోడా" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే కదిలారు. తమ్ముడి కాళ్ళు పొడుగు, ముందు చేరి చెయ్యి పట్టుకున్నాడు. నాన్న ఆ చెయ్యి పట్టుకునే పోయాడు. ఆయన పిలిచింది ఎవర్నో, ఇంట్లోవాణ్ణో లోకంలోవాణ్ణో, ఎవరూ చెప్పలేరు. అప్పట్నుంచీ బుల్లిబాబు గుండెలో ఒకటే కోరిక ముల్లులా దిగబడి ఉంది. ఒక్కసారి, నలుగురి ముందు, గుమ్మం బయట, వీడు తనని అన్నయ్యా అనాలి.

అడిగితే అనేవాడేమో. కానీ అడగాలంటే ఆరేళ్ళ అద్భుతాన్ని చేజేతులా చంపుకోవాలి. ఎనిమిదేళ్ళ పిల్లాడు వేలు చూపించి ఏడిచాడంటే అందులో వింతేముంది? వచ్చేవాళ్ళు కొలతలిచ్చి పోతారు, అంతే. బుల్లిబాబుకి రెండూ కావాలి. రెండూ ఒక్కచోట దొరకవు. అలా ఊగుతూ ఊగుతూనే జుట్టు తెల్లబడింది.

అలాంటి సమయంలో టీవీవాళ్ళు వచ్చిపడ్డారు. ఒకప్పటి బాలనటులు ఇప్పుడెక్కడున్నారో వెతికి చూపించే కార్యక్రమమట. పొద్దున్నే టీ ఇస్తూ బుల్లిబాబు పెళ్ళాం తేల్చి చెప్పింది.

"ఇవాళ కెమెరా ముందు నిజం చెప్పండి. చెప్పలేదో, రేపట్నుంచి నేను కూడా మిమ్మల్ని ఒరేయ్ అంటా."

బుల్లిబాబు అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ నిశ్చయించుకున్నాడు. పోతే పోనీ ఆరేళ్ళు. ఇంకెన్నాళ్ళు పట్టుకుని వేలాడతాం?

షాపులో ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి లైట్లు పెట్టారు. కటింగ్ బల్ల మీద బట్టలన్నీ ట్రయల్ రూములోకి తోశారు. గుమ్మంలో జనం మూగారు. ఎదుటి షాపు మంగలి సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి వచ్చాడు, వెనకాలే ఆ గడ్డం మనిషీ నురగతో వచ్చాడు. మైకు పట్టుకున్న అమ్మాయి బుల్లిబాబు పక్కన కూర్చుంది. తమ్ముణ్ణి రెండోవైపు నిలబెట్టారు. రెండు మాటలు అన్నగారి చేత కూడా చెప్పిద్దామన్నాడు టోపీ పెట్టుకున్న వాళ్ళ డైరెక్టరు.

"సార్, ఆరేళ్ళ వయసులో అంత నటన మీకెలా వచ్చింది?" అంది ఆ అమ్మాయి, కళ్ళు పెద్దవి చేసి.

బుల్లిబాబు గొంతు సవరించుకున్నాడు. మేడ మెట్ల మీద నిలబడ్డ పెళ్ళాం చూపు వీపుకి గుచ్చుకుంటోంది.

"ఆరు కాదమ్మా" అన్నాడు. "ఆ సినిమా నాటికి నాకు ఎనిమిదేళ్ళు. మా నాన్న చెప్పింది జేబు లోతు, వాళ్ళు నా వయసనుకున్నారు. ఇదిగో ఈ పెద్ద మాస్టారు నాకు అన్నయ్య కాదు, తమ్ముడు. నాకన్నా రెండేళ్ళు చిన్న."

మంగలి నోరు తెరిచాడు. ఆ అమ్మాయి మైకు మెల్లగా తమ్ముడి వైపు తిప్పింది.

"నిజమా సార్?"

బుల్లిబాబు తల తిప్పి తమ్ముడి మొహంలోకి చూశాడు. అను, ఒక్క మాట అనరా, అని కళ్ళతోనే బతిమాలాడు. ఆ కళ్ళు మామూలు కళ్ళా? ఒకప్పుడు హాలంతా లేచి నిలబడేలా చేసిన కళ్ళు.

తమ్ముడు మెళ్ళో టేపుని రెండు చేతులా సర్దుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, హాస్యం ఎక్కువ. ఎనిమిదేళ్ళేంటి? ఆరే. నేను చెయ్యి పట్టుకుని షూటింగ్‌కి తీసుకెళ్ళేవాణ్ణి కదా, నాకు తెలీదా? నా తమ్ముడే."

జనం గొల్లుమన్నారు. "అబ్బ, ఎంత నమ్మించావు చిన్న మాస్టారూ!" అన్నాడు మంగలి. టోపీ డైరెక్టరు చప్పట్లు కొట్టి, "సూపర్ సార్, ఇది ముందు వేద్దాం" అన్నాడు. బుల్లిబాబు చెవులు ఎర్రబడ్డాయి. ఆ అమ్మాయి ఇదేమీ గమనించకుండా, "ఇప్పుడు మా కోసం ఆ డైలాగ్!" అంది.

బుల్లిబాబు స్టూలు మీంచి లేచాడు. తమ్ముడికి ఎదురుగా నిలబడి, తలెత్తి, వేలు చూపించి, కళ్ళనిండా నిజం నీళ్ళతో అరిచాడు. "పెద్దోణ్ణయ్యాక నీ సంగతి చూస్తా!"

అంత బాగా ఎప్పుడూ చెప్పలేదాయన. నురగ మొహం మనిషి కూడా కళ్ళు తుడుచుకున్నాడు, నురగ కళ్ళలోకి పోయింది.

టీవీవాళ్ళు వెళ్ళారు, జనం వెళ్ళారు. ఆ రోజంతా బుల్లిబాబు ఒక్క కాజా కుట్టలేదు. సాయంత్రం షట్టరు దించి ఇద్దరూ మేడెక్కారు. గుమ్మం దాటారో లేదో బుల్లిబాబు కట్టలు తెంచుకున్నాడు.

"ఒరేయ్! ఇన్నేళ్ళ తర్వాత నోరు తెరిచి అడిగితే నలుగురి ముందు నన్ను జోకర్‌ని చేస్తావా? పెద్దరికం అంత రుచిగా ఉందా నీకు?"

తమ్ముడు చెప్పులు విడిచి, టేపు మేకుకి తగిలించి, బల్ల మీద కూర్చున్నాడు.

"రుచా? బావుంది అన్నయ్యా నీ మాట. మూడో తరగతిలో గుణింతాలు రాకుండా భాగారాలు చేశా. రోజూ తన్నులు. నాన్న కళ్ళు మసకబారాక చదువు మాన్పించి ఎవర్ని బల్ల దగ్గర నిలబెట్టారు? పెద్దోణ్ణి. నాన్న మంచాన పడితే రాత్రిళ్ళు ఎవరు లేచారు? పెద్దోడు. నువ్వు చిన్నోడివి, నిన్ను లేపొద్దన్నారు. నేనెప్పుడైనా అడిగానా?"

"మరి ఇవాళ ఎందుకురా కాదన్నావు? ఒప్పుకుంటే దిగిపోయేవాడివి కదా ఆ బరువు!"

తమ్ముడు నేల చూపులు చూస్తూ మోకాళ్ళు రుద్దుకున్నాడు. ఇంట్లో మాత్రమే కనిపించే ముసలితనం ఆ మోకాళ్ళలో ఉంది.

"నాకు ఆరేళ్ళు దక్కలేదు అన్నయ్యా" అన్నాడు చివరికి. "ఐదు అయ్యాయి, ఆరు ఇలా వచ్చాయో లేదో ఓ పొద్దున్న లేచేసరికి ఎనిమిది. మధ్యలో నా ఆరేళ్ళు నీకిచ్చేశారు. సరే పోన్లే, నువ్వు ఎంచక్కా వాడుకున్నావు. ఊరంతా ముద్దుచేసింది. షాపుకొచ్చే ముసలాళ్ళు నిన్ను చూసి అలా నవ్వితే, నాకు లోపల ఎంత బావుంటుందో తెలుసా? అవి నా ఆరేళ్ళు కదా అనిపిస్తుంది. ఇవాళ నువ్వు ఎనిమిదేళ్ళని తేల్చేస్తే నీకూ పోతాయి. అప్పుడింక ఈ ఇంట్లో ఆరేళ్ళు ఎవరికీ లేనట్టే కదా. నావల్ల కాలేదు."

బుల్లిబాబు ఇన్నేళ్ళూ తన పెద్దరికం వీడు లాక్కున్నాడని కుమిలాడు గానీ, తను వీడి దగ్గర ఏం తీసుకున్నాడో ఏనాడూ లెక్క చూసుకోలేదు. చూసుకుంటే సిగ్గేసింది. సిగ్గు వెనకే ఏడుపొచ్చింది. ఆ ఏడుపుకి లైట్లూ లేవు, చప్పట్లూ లేవు. ఆయన వెళ్ళి తమ్ముడి పక్కన బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ళు నేలకి అందక కాస్త పైనే ఆగాయి.

"అన్నయ్యా" అన్నాడు బుల్లిబాబు.

తమ్ముడు ఉలిక్కిపడి గుమ్మం కేసి చూశాడు, ఎవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

"ఇంట్లో ఉన్నాం" అన్నాడు.

"తెలుసు అన్నయ్యా."

వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది. ఆ వెనకే బుల్లిబాబు పెళ్ళాం గొంతు ఇల్లదిరేలా వినిపించింది.

"హవ్వ హవ్వ! ఇంక ఇంట్లో కూడానా!"